బెంగళూరు కొత్త ఇంట్లో రెండేళ్ళ పిల్లకి నిద్ర ఎందుకు పట్టదు?

విశాఖలో రాత్రి తొమ్మిదికల్లా ఒళ్ళు తెలియకుండా పడుకునే రెండేళ్ళ పిల్ల, బెంగళూరు వచ్చాక పదకొండు దాటినా దొర్లుతూనే ఉంటుంది. పడుకున్నా గంటకోసారి లేచి ఏడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి అంటారు, కొత్త నీళ్ళు పడలేదంటారు. నీళ్ళ మాటలో కొంత నిజముంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. అసలు కిటుకు నిద్ర నడిచే తీరులో ఉంది.

నిద్ర ఒక్క బిగిన సాగేది కాదు, తేలికనిద్రా గాఢనిద్రా కలిసిన వలయాలుగా నడుస్తుంది. పెద్దవాళ్ళలో సుమారు 90 నిమిషాలకో వలయం పూర్తవుతుంది. ఈ వయసు పిల్లల్లో వలయం ఇంకా చిన్నది. ప్రతి వలయం చివరా మెదడు కాస్త మెలకువలోకి వచ్చి, కళ్ళు మూసుకునే ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా అని చూసుకుంటుంది. ఉంటే పిల్ల పక్కకి తిరిగి పడుకుంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. లేకపోతే లేచి కూర్చుని ఏడుస్తుంది. కాబట్టి హాల్లో ఒళ్ళో నిద్రపుచ్చి, ఆనక ఎత్తుకెళ్ళి గదిలో పడుకోబెట్టడం కొత్త ఇంట్లో అస్సలు పనికిరాదు. ఎక్కడ తెల్లవారాలో అక్కడే నిద్ర పట్టాలి.

పెద్దవాళ్ళకీ ఇది తప్పదు. కొత్త చోట మొదటి రాత్రి మెదడు ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదనీ, వింత చప్పుళ్ళకి అదే ఎక్కువగా ఉలిక్కిపడుతుందనీ 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు.

అందుకే లారీ ఖాళీ అయ్యి, పాలు పొంగించాక, మొదట విప్పాల్సింది వంటసామాను కాదు, పిల్ల పక్క. పాత పరుపు, పాత దుప్పటి, పాత గలీబు, ఎప్పుడూ పట్టుకు తిరిగే బొమ్మ: ఇవన్నీ ఒకే పెట్టెలో సర్ది, దాన్ని లారీలో ఆఖరున ఎక్కిస్తే ముందుగా చేతికొస్తుంది. ఇల్లు మారుతున్నాం కదా అని వాటిని ఉతకొద్దు. ఆ వాసనే పిల్లకి పాత ఇల్లు. మొదటి వారం గడిచాక ఉతుక్కోవచ్చు, అదీ అన్నీ ఒక్కరోజే కాకుండా. చీర ఉయ్యాల అలవాటున్న పిల్లయితే, కొత్త ఫ్లాటులో ఫాల్స్ సీలింగ్‌కో కర్టెన్ రాడ్‌కో చీర కట్టే ప్రయత్నం చేయకండి. అవి ఆ ఊపుని మోయడానికి పెట్టినవి కావు. అదే చీరని పరుపు మీద బిగుతుగా పరిచి, అంచులు కిందికి దోపితే చాలు.

ఇక వెలుతురు. విశాఖ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉంటే బెంగళూరు 77.6 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన, గోడ గడియారం రెండు చోట్లా ఒకే సమయం చూపించినా, బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు 22 నిమిషాలు ఆలస్యంగా. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి ఈ తేడా 4 నిమిషాలే. ఒంట్లోని గడియారం సూర్యుణ్ణి చూసి నడుస్తుంది కాబట్టి, విశాఖ పిల్లకి తొమ్మిదీ ఇరవైకి నిద్ర వస్తే దాన్ని మొండితనం అనుకోకూడదు. కానీ పదకొండయితే మాత్రం అనుమానించాల్సింది ట్యూబ్ లైట్లని. పిల్లల కంటిపాప పెద్దది, కటకం తేటగా ఉంటుంది, అందుకని సాయంత్రం వెలుతురు వాళ్ళలో నిద్ర తెప్పించే హార్మోను మెలటోనిన్‌ని మనకంటే ఎక్కువగా అణిచేస్తుంది. సామాను సర్దుకుంటూ రాత్రి పదింటిదాకా ఇంటినిండా తెల్లటి ఎల్ఈడీలు వెలిగిస్తే పిల్ల మెదడుకి ఇంకా పొద్దుగూకనట్టే లెక్క. ఏడున్నర నుంచి పిల్ల గదిలో 3 వాట్ల పసుపు బల్బు ఒక్కటే, అదీ నేలకి దగ్గరగా పెట్టండి. కిటికీలోంచి వీధిదీపం పడుతుంటే, గోడకి మేకు కొట్టనివ్వని ఓనరు ఇంట్లో కూడా స్ప్రింగ్ రాడ్ బిగించి ముదురురంగు దుప్పటి వేలాడదీయొచ్చు. పొద్దున్న లేచిన అరగంటలోపు ఓ ఇరవై నిమిషాలు ఆరుబయట తిప్పాలి. బెంగళూరు మబ్బు రోజున కూడా బయట వెలుతురు వేల లక్సుల్లో (లక్సు అంటే వెలుతురు కొలత) ఉంటుంది, ఇంట్లో రెండు మూడు వందలు దాటడం అరుదు.

సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న ఊరు కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో 16 డిగ్రీల దాకా దిగుతుంది. ఆ చలికి ట్రంకులోని రగ్గులు బయటికి వస్తాయి, వాటితోపాటు కలరా ఉండల వాసనా వస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపించిన పిల్లల్లో ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఎర్రరక్తకణాలని పగలగొడుతుంది. ఒళ్ళు పాలిపోవడం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురురంగులో రావడం దాని గుర్తులు. ఇవి కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నూనె రాసిన ఒంట్లోకి నాఫ్తలీన్ ఇంకా సులువుగా ఇంకుతుంది. రగ్గు ఉతికి, ఎండలో వాసన పూర్తిగా పోయేదాకా ఆరేశాకే కప్పండి. రాలిన ఉండలని ఏరిపారేయండి, పిల్లలు వాటిని బిళ్ళలనుకుని నోట్లో వేసుకుంటారు. చలి వేస్తోందో లేదో తెలియాలంటే వీపు ముట్టుకుని చూడాలి. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నా పర్వాలేదు. నిద్రలో మంకీ క్యాప్ వద్దు, అమ్మమ్మలు ఎంత పోరినా.

ఇప్పుడు నీళ్ళు. కావేరి నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల నుంచి వస్తాయి. శివారు ఫ్లాట్లలో చాలాచోట్ల కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో. బకెట్టు అంచున తెల్లటి చార కట్టినా, సబ్బు నురగ రాకపోయినా అవి కఠిన జలాలే. వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి చర్మం మీద జిడ్డులా అంటుకుని దురద పెడుతుంది, దురద పెట్టే పిల్ల నిద్రపోదు. సబ్బు తగ్గించి, ఆఖరి రెండు చెంబులూ ఫిల్టరు నీళ్ళు పోసి, ఒళ్ళు తడిగా ఉండగానే మాయిశ్చరైజరు రాయాలి. పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చని స్నానం మంచిది. చర్మంలో రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోతుంది, నిద్ర ఆ చల్లబడటంతోపాటే వస్తుంది. బకెట్లో ఎప్పుడూ ముందు చన్నీళ్ళు, తర్వాతే వేణ్ణీళ్ళు పట్టాలి. 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ళ చర్మాన్నే 5 సెకన్లలో లోతుగా కాలుస్తుంది. కొత్త ఇంటి గీజరు ఎంతమీద పెట్టి ఉందో మొదటిరోజే చూసి 50కి తగ్గించండి.

రాత్రి పడుకుంటుందని మధ్యాహ్నం నిద్ర మానిపించేవాళ్ళు ఉంటారు. ఏడాది నిండి మూడేళ్ళు దాటని పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడేళ్ళు దాటాక 10 నుంచి 13. అలిసిపోయిన పిల్ల ఇంకా పేచీ పెడుతుంది తప్ప తొందరగా పడుకోదు. ఆ మధ్యాహ్నం నిద్రకి కూడా దోమతెర కట్టాలి. డెంగీ దోమ కుట్టేది ముఖ్యంగా పగటిపూటే. ట్యాంకరు నీళ్ళు దాచుకునే డ్రమ్ము అది గుడ్లు పెట్టడానికి మంచి చోటు. మూత గట్టిగా పెట్టి, వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలని పీచుతో రుద్దాలి. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, నీళ్ళు పారబోసినంత మాత్రాన ఊడిరావు.