రేడియో స్టేషన్‌కు మిషన్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

విరాళాల మీద నడిచే విదేశీ క్రైస్తవ రేడియో స్టేషన్‌లో సేవ చేయడానికి వెళ్లే బృందాలకు ఉత్సాహం కొదవుండదు. కానీ అక్కడి ఇంజినీరుకు ఏం కావాలో అడిగి, జాబితా తెప్పించుకున్నాకే పెట్టెలు సర్దాలి.

అపోహ: మనం వాడేసి పక్కన పెట్టిన పరికరాలు అక్కడ అక్కరకొస్తాయి.

చాలాసార్లు అవి స్టోర్ రూములో మూలన పడతాయి. అమెరికాలోని 60 హెర్ట్జ్ కరెంటుకు చేసిన మామూలు ఏసీ మోటారు, 50 హెర్ట్జ్ దేశంలో దాదాపు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. ట్రాన్స్‌మిటర్‌ను చల్లబరిచే బ్లోయర్‌కు ఆ మోటారే ఉంటే గాలి చాలదు, ట్యూబు వేడెక్కి ముందే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. ఎఫ్ఎం ప్రాసెసర్‌లో ప్రీ-ఎంఫసిస్ (పంపేముందు సన్నని శబ్దాలను పెంచే మోతాదు) కూడా చూడాలి: అమెరికాలో 75 మైక్రోసెకన్లు, యూరప్‌లో 50. 50 ఉండాల్సిన చోట 75 వదిలేస్తే శ్రోతకు "స", "ష" శబ్దాలు చెవిలో గుచ్చుకుంటాయి.

సముద్రమట్టం నుంచి ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. 1931 క్రిస్మస్ రోజున ఈక్వడార్‌లోని క్విటోలో ప్రసారాలు మొదలుపెట్టిన క్రైస్తవ రేడియో స్టేషన్ హెచ్‌సీజేబీకి ఈ సమస్యే వచ్చింది. దాదాపు 2,800 మీటర్ల ఎత్తున గాలి పలచన. అధిక శక్తి పంపితే యాంటెన్నా కడ్డీల చివర్లలో కరోనా అనే విద్యుత్ నిప్పులు లేచి లోహం కరిగేది. ఇంజినీరు క్లారెన్స్ మూర్ కొసలే లేని చతురస్రపు తీగ చుట్టుతో దానికి విరుగుడు కనిపెట్టారు. హ్యామ్‌లు (సరదాకు రేడియో నడిపేవారు) నేటికీ వాడే క్యూబికల్ క్వాడ్ యాంటెన్నా అదే.

అపోహ: వాట్లు రెట్టింపు చేస్తే ఎఫ్ఎం రెట్టింపు దూరం వినిపిస్తుంది.

రెట్టింపు శక్తితో సిగ్నల్ బలం పెరిగేది 3 డెసిబెల్సే, దాంతో దూరం రెట్టింపు కాదు. ఎఫ్ఎంకు యాంటెన్నా ఎత్తే ప్రాణం. చదును నేల మీద 30 మీటర్ల ఎత్తుకు రేడియో దిగంతం (సిగ్నల్ నేరుగా చేరే హద్దు) సుమారు 22 కిలోమీటర్లు, 120 మీటర్లకు 45. కొత్త ట్రాన్స్‌మిటర్‌కు చందాలు పోగుచేసే ముందు టవర్ సంగతి అడగండి.

అపోహ: విరాళమంతా కార్యక్రమాలకే ఖర్చవుతుంది.

60 శాతం సామర్థ్యమున్న పాత 10 కిలోవాట్ల ఏఎం ట్రాన్స్‌మిటర్ క్యారియర్‌కే (మాటలను మోసే మూల తరంగానికే) రోజుకు 400 యూనిట్లు తాగుతుంది. డీజిల్, లైసెన్సు ఫీజు, విడిభాగాలు వేరే. "స్టూడియోకు మాత్రమే" అని షరతు పెట్టిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టలేరు. షరతు లేని నెలవారీ విరాళమే స్టేషన్‌కు అసలైన అండ.

అపోహ: టవర్‌కు రంగు ఎవరైనా వేయొచ్చు.

చాలా ఏఎం స్టేషన్లలో టవరే యాంటెన్నా, అడుగున ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది. ప్రసారం సాగుతుండగా నేల మీద నిలబడి ముట్టుకుంటే చర్మం లోపలిదాకా కాలుతుంది. ట్రాన్స్‌మిటర్ ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి పని చేసేవారి జేబులో పెట్టుకున్నాకే కంచె దాటాలి. ట్రాన్స్‌మిటర్ క్యాబినెట్ తెరిస్తే ముందు నేలకు కలిపిన గ్రౌండింగ్ కర్రతో, ఆపాక కూడా కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లను డిశ్చార్జ్ చేయాలి.

అపోహ: జీతం తీసుకోం కాబట్టి టూరిస్టు వీసా చాలు.

చాలా దేశాల్లో జీతం లేని పనికీ అనుమతి కావాలి. పరికరాలకు సీరియల్ నంబర్లతో జాబితా, విలువ పత్రం ముందే స్టేషన్‌కు పంపితే కస్టమ్స్‌తో వాళ్లే మాట్లాడి పెట్టగలరు.