గుజ్జు కాలువలోకి, కరెంటు గాలిలోకి: పల్ప్ ఫ్యాక్టరీల్లో అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో ఫైవ్ ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచడం), కైజెన్ (చిన్న చిన్న మెరుగుదలలు), టీపీఎం (ఆపరేటర్లతో సహా అందరూ కలిసి మిషన్లను చూసుకోవడం) లాంటి లీన్ పద్ధతులు, అంటే వృథా తగ్గించే పద్ధతులు, అమలు చేయించడం నా పని. తోతాపురి సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అప్పుడు నీళ్ళ సంగతో కరెంటు సంగతో ఎత్తితే "ఈ టెన్షన్‌లో అదెందుకు సార్, సీజన్ అయ్యాక చూద్దాం" అంటారు. కానీ నీళ్ళూ ఆవిరీ కరెంటూ ఎక్కువగా పోయేది ఆ కొన్ని వారాల్లోనే.

అపోహ: పర్యావరణం ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) వాళ్ళ పని, లైన్ వాళ్ళకు సంబంధం లేదు.

ఈటీపీ మీద పడే భారం పుట్టేదే లైన్‌లో. ఒక యూనిట్‌లో పల్పర్ కింద నేల కడుగుతుంటే నిలబడి చూశాను. కిందపడ్డ గుజ్జును, తొక్కలను పైపుతో నీళ్ళు కొట్టి కాలువలోకి తోస్తున్నారు. ఆ గుజ్జు నిండా చక్కెరే. నీళ్ళలో కలిశాక దాన్ని తినే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కావాలి, అందుకోసం నీళ్ళలోకి గాలి పంపే ఏరేటర్లు రాత్రింబవళ్ళు తిరగాలి. అంటే కాయకు రైతుకు డబ్బిచ్చాం, గుజ్జు తీయడానికి కరెంటు పెట్టాం, కాలువలో పోశాక శుభ్రం చేయడానికి మళ్ళీ కరెంటు పెడుతున్నాం. కార్ల కంపెనీ టయోటాలో తైచి ఓనో చెప్పిన ఏడు వృథాల్లో (అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, లోపాల లాంటివి) నీళ్ళు, కరెంటు అనే పేర్లు విడిగా లేవు. కానీ ఆ ఏడింటిలో దేన్ని విప్పి చూసినా లోపల ఇవే ఉంటాయి.

ముందు వైపర్‌తో లాగి బకెట్‌లోకి ఎత్తి, ఆ తర్వాతే నీళ్ళు పోయమన్నాను. "పైపు పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది సార్, వంగి వంగి లాగితే నడుం పోతుంది" అంది అక్కడ పనిచేసే అక్క. ఆమె మాట న్యాయమైనదే. పొడుగు కర్ర వైపర్లు తెప్పించాం. అసలు గుజ్జు ఎందుకు కారుతోందని ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తే అరిగిన గాస్కెట్ దగ్గర తేలింది. సీజన్ ముందు చెక్‌లిస్టులో ఆ గాస్కెట్ పేరే లేదు.

అపోహ: పైకప్పు మీద సోలార్ పెట్టించాం, ఇక మా పని అయిపోయింది.

సోలార్ పెట్టించమని నేనూ చెబుతాను. కానీ ఆ కరెంటుతో కంప్రెసర్ నొక్కి మిషన్లకు పంపే గాలి పైపుల లీకుల్లోంచి పోతుంటే ఏం లాభం? పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. లైన్ మొత్తం ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. గాలి వాడే మిషన్ ఏదీ తిరగడం లేదు కాబట్టి, అది లోడ్ తీసుకుందంటే (గాలి నొక్కడం మొదలుపెట్టిందంటే) లీకుల కోసమే. వాచీ చూసుకుంటూ నాలుగైదు సార్లు లెక్క రాయండి. రెండు నిమిషాలు లోడ్‌లో, ఆరు నిమిషాలు అన్‌లోడ్‌లో (గాలి నొక్కకుండా) ఉంటే ఎనిమిదిలో రెండు, అంటే కంప్రెసర్ సామర్థ్యంలో 25 శాతం లీకులకే పోతోంది. తర్వాత సబ్బు నీళ్ళు పట్టుకుని జాయింట్లన్నీ తిరగడమే. టీపీఎంలో ఆపరేటర్ తన మిషన్‌ను తానే తుడిచి, తడిమి చూసుకోవాలనేది ఇందుకే. ఎక్కడ బుస్సుమంటోందో అతనికే ముందు వినిపిస్తుంది.

బాయిలర్ దగ్గరా ఇంతే. కండెన్సేట్‌ను, అంటే ఆవిరి చల్లబడి మారిన వేడినీళ్ళను, కాలువలోకి వదిలేసే యూనిట్లు ఇంకా ఉన్నాయి. వాటిని తిరిగి బాయిలర్‌కు పంపి, దానికి వెళ్ళే నీరు 6 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 శాతం ఇంధనం మిగులుతుంది.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీలకే.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, బీఆర్ఎస్ఆర్ నివేదికను (కంపెనీ పర్యావరణ, సామాజిక బాధ్యతల లెక్కను) 2022-23 నుంచి తప్పనిసరి చేసింది మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకే, నిజమే. కానీ మన డ్రమ్ములు కొనే కంపెనీ "టన్ను పల్ప్‌కు ఎన్ని లీటర్ల నీళ్ళు?" అని అడిగితే చేతిలో లెక్క ఉండాలి. దానికి ఒక మీటరు, ఒక రిజిస్టర్ చాలు.

అపోహ: లీన్ చేస్తే పర్యావరణం దానంతటదే బాగుపడుతుంది.

ఇది మా రంగంలో వాళ్ళే నమ్మే అపోహ. స్టాకు తగ్గించాలని చిన్న చిన్న బ్యాచ్‌లు నడిపితే, బ్యాచ్ మారిన ప్రతిసారీ సీఐపీ (మిషన్లను విప్పకుండా లోపలే కడగడం) చేయాలి. కాస్టిక్, వేడినీళ్ళు, అన్నీ పెరుగుతాయి. గోడౌన్ లెక్క బాగుంటుంది, నీళ్ళ మీటరు పరుగెడుతుంది. రెండు అంకెలూ ఒకే బోర్డు మీద లేకపోతే ఇది ఎవరికీ కనబడదు. అలాగని ఆహార భద్రత కోసం చేయాల్సిన సీఐపీని తగ్గించకూడదు. వరుస మార్చుకోవచ్చు. జామ పల్ప్ తీసేటప్పుడు తెల్ల జామ ముందు, గులాబీ జామ తర్వాత నడిపితే రంగు అంటుకుంటుందన్న భయం తగ్గుతుంది. తిరగేస్తే మధ్యలో చాలాసేపు కడగాలి.

నేను పనిచేసే ఒక యూనిట్‌లో ఇప్పుడు ప్లానింగ్ మీటింగ్‌కు ఈటీపీ ఆపరేటర్‌నూ పిలుస్తున్నారు. మర్నాడు ఎన్ని సీఐపీలు ఉన్నాయో ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ కాస్టిక్ నీళ్ళకు ట్యాంకు ఖాళీ చేసి పెట్టుకుని, ఈటీపీలోకి కొద్దికొద్దిగా వదులుకుంటున్నాడు.