జున్నుకి లడ్డు పెట్టొచ్చా?

వేదా, చింటూ,

బాగుండారా? మీ కుందేలు జున్నుకి ఏడాది నిండుతోందని, ఆ రోజు దానికి తిరుపతి లడ్డు తినిపిస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పక్కనుండి మీ తాత ‘ప్రసాదమే కదా, ఏమవుతుంది’ అంటున్నారు. ఆయన మాట పక్కన పెట్టండి. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కలకండ... కుందేలు కడుపుకి ఇందులో ఒక్కటీ పడదు. లడ్డు మీరే తినండి.

ఎందుకో చెప్తాను. కుందేలు చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఒక సంచి ఉంటుంది. మనకూ ఉంది గానీ చిన్నది. జున్ను పొట్టలో చాలా చోటు దానిదే. అందులోని సూక్ష్మజీవులు గడ్డి పీచును పులియబెట్టి విటమిన్లు, మాంసకృత్తులు తయారుచేస్తాయి. అదంతా మెత్తటి గుత్తుల్లా బయటికి వస్తుంది. కుందేలు మూతి కిందికి వంచి వెంటనే తినేస్తుంది. ‘అవ్వా, జున్ను ఛీఛీ పని చేస్తోంది’ అని వేద మొత్తుకున్నది దీనికే! అది జబ్బు కాదమ్మా, రెండో విడత భోజనం. తిననివ్వండి. మిరియాల్లా గుండ్రంగా, గట్టిగా ఉండే పెంట ఉండలు వేరు. వాటిని ఊడ్చేయండి.

తీపి, పిండి ఎక్కువైతే ఆ సంచిలో మంచి జీవులు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. గ్యాసు కడుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. పైగా కుందేలుకు వాంతి చేసుకోవడం రాదు. అందుకే బిస్కెట్లు, బొరుగులు, మురుకులు, బ్రెడ్డు, వేయించిన చెనక్కాయలు ఏవీ వద్దు. చాక్లెట్టు, ఉల్లి, వెల్లుల్లి, అవకాడో అయితే విషమే. టమోటా ఆకులు, బంగాళాదుంప మొలకలు కూడా అంతే. పెరట్లో గన్నేరు చెట్టుంది కదా, దాని ఆకుగానీ పువ్వుగానీ జున్ను తిరిగేచోట పడనీయొద్దు.

బొమ్మల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టే! గీసినవాళ్లు కుందేలును పెంచి ఉండరని నా అనుమానం. ఆ దుంపలో చక్కెర ఎక్కువ, ఎప్పుడైనా ఒక పల్చటి బిళ్ల చాలు. దానికన్నా క్యారెట్ ఆకు మేలు. కూరగాయల బండాయన తుంచి పారేసేలోపే అడిగి తీసుకోండి.

మామిడికాలంలో మన వైపు బెంగుళూరా (తోతాపురి) మామిడి లేని ఇల్లుండదు, జున్ను కూడా ముక్కు ఆడిస్తూ వస్తుంది. తొక్క, టెంక తీసేసి వేలిగోరంత ముక్క పెట్టండి, వారానికి రెండుసార్లు. అరటిపండైనా అంతే, అది ఎంత మారాం చేసినా. ఆపిలైతే గింజలు తీసేయాలి. మూడు నెలలు నిండని కుందేలు పిల్లకైతే పండే వద్దు, మీ పక్కింటివాళ్లు కొత్తగా తెచ్చారంట కదా, వాళ్లకూ చెప్పండి.

పుట్టినరోజు విందంటారా, నాలుగు కొత్తిమీర కాడలు, కాస్త పుదీన, ఒక మందారపువ్వు. పూజకు కోసినవాటిలో ఒకటి తగ్గితే దేవుడేమీ అనుకోడు. మందు కొట్టినవి కాకుండా చూసి, బాగా కడిగి పెట్టండి. ఇంతవరకు తినని ఆకైతే ముందు కొంచెమే ఇచ్చి మరుసటి రోజు ఉండలు ఎలా ఉన్నాయో చూడండి.

రోజూ తిండి మాత్రం ఎండుగడ్డే. దాని పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గరిక కోసి ఎండబెట్టినా సరే, బూజు వాసన వస్తే పారేయండి.

జున్ను 12 గంటలు ఏమీ తినకపోయినా, ఉండలు వేయకపోయినా ‘పొద్దున చూద్దాం’ అనొద్దు. మీ తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. నాన్నను వెంటనే బయల్దేరదీయండి. అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, అడుగున గడ్డి పరిచి తీసుకెళ్లండి. చివరిగా ఏం తినిందో చీటీ రాసుకుని పోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

మీ అవ్వ,
చిత్తూరు