బాఖ్ కృతుల పట్టిక: బీడబ్ల్యూవీ నంబరుపై అపోహలు – వాస్తవాలు

అపోహ: నంబరు చిన్నదైతే రచన పాతది.

బీడబ్ల్యూవీ అంటే జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలకు వోల్ఫ్‌గాంగ్ ష్మీడర్ 1950లో వేసిన పట్టిక. దానికి కాలక్రమంతో పని లేదు. రచనలు రకాల వారీగా ఉంటాయి: ముందు కాంటాటాలు (వాద్యాలతో పాడే గాత్ర రచనలు), 525 నుంచి ఆర్గన్ రచనలు, 1007–1012 చెల్లో సూట్లు. చర్చి కాంటాటాలకైతే 19వ శతాబ్దంలో సంపుటాలు అచ్చయిన వరసే ఉంచేశారు. 1వ నంబరు కాంటాటాను మొదట పాడింది 1725 మార్చి 25న. 4వ నంబరుది దానికంటే పదిహేనేళ్లకు పైగా పాతది. 1950లో కాలక్రమం పట్టుకుని ఉంటే పట్టిక కొంప మునిగేది. 1950ల్లోనే సంగీత పరిశోధకులు ఆల్‌ఫ్రెడ్ ద్యూర్, గేయోర్గ్ ఫోన్ డాడెల్‌సెన్ కాగితంలోని నీటిగుర్తులు, లేఖకుల చేతిరాతలు పోల్చి, బాగా తర్వాతివని నమ్ముతూ వచ్చిన కోరాల్ కాంటాటాలను (చర్చి పాటల ఆధారంగా అల్లినవి) 1724–25కి జరిపారు.

అపోహ: నంబరుందంటే అది బాఖ్‌దే.

పియానో నేర్చుకునే పిల్లలందరూ వాయించే జి మేజర్ మినువెట్ (ఒక నాట్య రచన) ఈ పట్టిక అనుబంధంలో 114. బాఖ్ భార్య ఆనా మాగ్దలేనా 1725 నోటుపుస్తకంలో దానిమీద పేరేమీ లేదు. ఇంటి పుస్తకం కాబట్టి ఇంటాయనదే అనుకున్నారు. అసలు కర్త డ్రెస్డెన్ ఆర్గనిస్టు క్రిస్టియాన్ పెట్సోల్డ్. మన కీర్తనల్లోలా చరణంలో ముద్ర ఉండదు కదా!

అపోహ: దొరికిన ప్రతిలోని మొదటి నాలుగు బార్లు (తాళ భాగాలు) జాబితాలో ఎక్కించుకుంటే పోలిక దొరుకుతుంది.

అక్కడే దెబ్బ తింటారు. లైప్సిగ్ చర్చి ఆర్గన్ల శ్రుతి మిగతా వాద్యాలకంటే ఒక స్వరం ఎక్కువ. అందుకని ఆర్గన్ పత్రాన్ని (ఆర్గన్ వాయించేవారి స్వరలిపి) ఒక స్వరం తగ్గించి రాసేవారు: కాంటాటా జి మేజర్, ఆర్గన్ పత్రం ఎఫ్ మేజర్. ఆ పత్రం విడిగా దొరికితే కొత్త రచన అనుకుని జాబితాలో రెండో ఎంట్రీ తెరుస్తారు. క్లెఫ్ (గీతల మీద స్వరస్థానం చెప్పే గుర్తు), కీ, తాళం, ముందున్న విరామాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. వెతికేటప్పుడు మాత్రం స్వరాల పేర్లు వదిలి, వాటి మధ్య దూరాలు పోల్చండి.

అపోహ: సంగీతం దొరకనిదానికి నంబరు ఉండదు.

ఉంటుంది. 1731 నాటి సెయింట్ మార్క్ పాషన్ (క్రీస్తు బాధల కథకు కట్టిన సంగీతం) నంబరు 247. కవి పికాండర్ రాసిన సాహిత్యం మిగిలింది, బాఖ్ స్వరలిపి పోయింది.