లోయలో దిగేముందే ఎక్కే దారి చూసుకోండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది పెన్న నది లోయ అంచున నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. పెన్నలో కలిసే పక్క వంకల్లోకి దిగి నడుస్తామనేవాళ్లను తీసుకెళ్లేటప్పుడే గైడుగా నాకు టెన్షన్.

అపోహ: ఎండ కాస్తోంది, ఇంక వరద ఎక్కడిది?

వాస్తవం: 1997 ఆగస్టు 12న అమెరికాలో, అరిజోనాలోని యాంటిలోప్ క్యాన్యన్ అనే ఇరుకు రాతి లోయలో 11 మంది వరదకు చనిపోయారు. వాళ్లున్న చోట చెప్పుకోదగ్గ వానే లేదు. మైళ్ల దూరంలో కురిసిన వాన ఆ రాతి సందులోకి వచ్చిపడింది. పక్కకు పారే చోటు లేని నీళ్లు పైకే లేస్తాయి. పెన్న లోయ అంత ఇరుకు కాదు గానీ, వంకలు ఇరుకే. పైగా లోయకు ఎగువన జలాశయం ఉంది. ఎక్కడో వానపడి గేట్లెత్తితే, పక్కనున్న జమ్మలమడుగులో ఎండ కాస్తున్నా కింద నీళ్లు పెరుగుతాయి. అందుకే వాతావరణ సూచన ఎగువనున్న తాడిపత్రి, అనంతపురం వైపు కూడా చూడాలి.

అపోహ: నీళ్లొస్తే వచ్చిన దారినే పరుగెత్తొచ్చు.

వాస్తవం: వచ్చిన దారే నీళ్ల దారి. తప్పించుకోవాలంటే పైకే. యాంటిలోప్‌లో ఇప్పుడు గోడలకు నిచ్చెనలు బిగించారు. మన వంకల్లో అవేం ఉండవు. అందుకే దిగుతూనే ప్రతి మలుపులో ఎక్కగలిగే గట్టు ఒకటి చూసిపెట్టుకోవాలి. రాతి పగుళ్లలో ఇరుక్కున్న కంప, గడ్డి, ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తే పాత వరద అక్కడిదాకా వచ్చినట్టే. మీ గట్టు దానికి బాగా పైన ఉండాలి. ఎర్రరాయి గట్టిదే, కానీ పేర్చినట్టున్న బండలు కదులుతాయి. బరువు మోపేముందు నెట్టి చూడండి. దూకి దిగాల్సిన చోట తిరిగి ఎక్కలేమనిపిస్తే అక్కడితో ఆపేయడమే.

నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలు తేలివచ్చినా, ఎగువన లారీ వస్తున్నట్టు మోత వినిపించినా బ్యాగు వదిలేసి ఎక్కేయాలి. బ్యాగు కోసం వెనక్కి తిరిగేవాళ్లను ఆపడమే అన్నిటికంటే కష్టం.

అపోహ: నాకు ఈతొచ్చు.

వాస్తవం: బావిలో పనికొస్తుంది. దుంగలు, రాళ్లు దొర్లించుకొచ్చే నీళ్లలో కాదు.

అపోహ: 112కు ఫోన్ చేస్తే సరి.

వాస్తవం: ఇరుకు సందులో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఏ వంకలో దిగుతున్నారో, ఎన్నింటికి రాకపోతే 112కు ఫోన్ చేయాలో పైన ఒకరికి చెప్పి దిగండి. క్షేమంగా ఎక్కాక ఆ మనిషికి ఆ ముక్క చెప్పడం మరవకండి, లేకపోతే చీకట్లో మీకోసం జనాన్ని దించుతారు.