డేటా మైగ్రేషన్‌లో డూప్లికేట్ ఎర్రర్లు: అపోహలు - వాస్తవాలు

పాత సిస్టమ్‌లోని డేటాను కొత్తదానికి తరలించేటప్పుడు (డేటా మైగ్రేషన్) కస్టమర్ మాస్టర్ (కస్టమర్ల మూల జాబితా) లోడ్ అవుతుండగా ఒరాకిల్‌లో ఓఆర్‌ఏ-00001, మైఎస్‌క్యూఎల్‌లో 1062, పోస్ట్‌గ్రెస్‌లో 23505, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2627 లేదా 2601 కనిపిస్తే అన్నిటి అర్థం ఒకటే: యూనిక్‌గా ఉండాల్సిన కీ (రికార్డును గుర్తించే విలువ) రెండోసారి వచ్చింది. ఎందుకు వచ్చిందో మాత్రం డేటాబేస్ చెప్పదు. అది మనం తేల్చుకోవాల్సిందే.

అపోహ: ఎర్రర్ వచ్చిందంటే పాత సిస్టమ్‌లోనే డూప్లికేట్లు ఉన్నాయి.

వాస్తవం: పాత సిస్టమ్‌లో వేర్వేరుగా ఉన్నవే దారిలో ఒకటైపోవచ్చు. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది, 16వ అంకెను సున్నా చేస్తుంది. చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న రెండు ఖాతా నంబర్లున్న సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ చేశారంటే అవి ఒకటే నంబరు అయిపోతాయి. 00123, 123 కూడా అలాగే కలిసిపోతాయి. ఐడీ కాలమ్‌లను టెక్స్ట్‌గానే ఇంపోర్ట్ చేయాలి. కొలేషన్ (డేటాబేస్ అక్షరాలను పోల్చే పద్ధతి) కూడా చూడండి. పాత డేటాబేస్ ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేరుగా చూసి, కొత్తది ఒకటిగా చూస్తే రెండు కోడ్‌లు ఢీకొంటాయి.

ఇంకో కారణం టైమౌట్. జవాబు మనకు అందకపోయినా సర్వర్ ఆ బ్యాచ్‌ను కమిట్ చేసి (శాశ్వతంగా భద్రపరిచి) ఉండవచ్చు. దాన్నే మళ్లీ పంపితే ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ ఎర్రర్ మేలే చేసింది. యూనిక్ కీ లేకుంటే ప్రతి రికార్డూ రెండుసార్లు ఎక్కేది. అందుకే పాత ఐడీకి కొత్త టేబుల్‌లో ఒక యూనిక్ కాలమ్ తప్పక ఉంచాలి. రెండు సిస్టమ్‌ల నుంచి డేటా వస్తుంటే సిస్టమ్ పేరు, ఐడీ కలిపి కీ చేయాలి.

అపోహ: ఎర్రర్ రాలేదు కాబట్టి డూప్లికేట్లు లేవు.

వాస్తవం: కన్‌స్ట్రెయింట్ (యూనిక్‌గా ఉండాలన్న నిబంధన) చూసేది ఆ కీ ఒక్కదాన్నే. పేరు చివర నాన్-బ్రేకింగ్ స్పేస్ (మామూలు ఖాళీలాగే కనిపించే వేరే అక్షరం) ఉంటే అది వేరే పేరే. ఎక్సెల్ ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీయదు, అక్షర సంఖ్య 160ని సబ్‌స్టిట్యూట్‌తో విడిగా తొలగించాలి. తెలుగు పేర్లలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఇక నల్స్ (విలువే లేని గడులు) సంగతి: మైఎస్‌క్యూఎల్, మామూలు సెట్టింగ్‌లో పోస్ట్‌గ్రెస్, యూనిక్ కాలమ్‌లో ఎన్ని నల్స్‌నైనా ఒప్పుకుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. అక్కడ నల్ కాని వరుసలకు మాత్రమే వర్తించే ఫిల్టర్డ్ యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవాలి.

అపోహ: ఇన్సర్ట్ ఇగ్నోర్ (డూప్లికేట్ వస్తే దాటేసే కమాండ్) లేదా అప్‌సర్ట్ (కీ ఉంటే మార్చి, లేకుంటే చేర్చే కమాండ్) వాడితే సమస్య తీరుతుంది.

వాస్తవం: మైఎస్‌క్యూఎల్ ఇగ్నోర్ ఒక్క డూప్లికేట్లనే కాదు, పరిధి దాటిన విలువల్లాంటి ఇతర తప్పులను కూడా వార్నింగ్‌లుగా మార్చేస్తుంది. విలువ కుదించుకుపోయి లోపలికి వెళ్తుంది, లోడ్ విజయవంతమని చూపిస్తుంది. బిజినెస్ డేటాకు దీన్ని వాడనేకూడదు. అప్‌సర్ట్ మళ్లీ నడపడానికి మంచిదే కానీ, ఒకే కీ ఫైల్‌లోనే రెండుసార్లు ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ కమాండ్‌నే ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో తర్వాత వచ్చిన వరుస ముందుదాన్ని చెరిపేస్తుంది. ముందు స్టేజింగ్ టేబుల్‌లోకి (తాత్కాలిక టేబుల్‌లోకి) ఎక్కించి, కీ మీద గ్రూప్ బై చేసి (ఒకే కీ ఎన్నిసార్లు ఉందో లెక్కించి), ఒకటికి మించిన వాటిని అక్కడే పరిష్కరించాలి.

అపోహ: ఫోన్ నంబరు కలిస్తే ఒకే కస్టమర్.

వాస్తవం: ఒకే నంబరు కుటుంబమంతా, ఒక సంస్థ శాఖలన్నీ వాడవచ్చు. ఫోన్‌తో పాటు పన్ను నంబరో, ఈమెయిలో కలిస్తేనే మెర్జ్‌కు తీసుకోండి. మిగతావి ఆ కస్టమర్లను చూసుకునే విభాగం వాళ్లు చూసి చెప్పాలి.

అపోహ: అదనపు రికార్డు తీసేస్తే పని అయిపోయింది.

వాస్తవం: దాని కింద ఇన్‌వాయిస్‌లు, చెల్లింపులు ఉంటాయి. తీసేసిన ప్రతి పాత ఐడీ ఏ కొత్త ఐడీలో కలిసిందో మ్యాపింగ్ టేబుల్‌లో రాసి, ఇన్‌వాయిస్‌లను దాని ద్వారానే లోడ్ చేయాలి. లేకపోతే ఫారిన్ కీ ఎర్రర్లు (ఇన్‌వాయిస్ చూపే కస్టమర్ ఐడీ లేదనే ఎర్రర్లు) వరుసకడతాయి. చివరికి లెక్క ఇలా సరిపోవాలి: మూలంలోని వరుసలు = లోడైనవి + మెర్జ్ అయినవి + తిరస్కరించినవి. వరుసల లెక్క సరిపోయినా రావాల్సిన బాకీల మొత్తం తేడా పడితే, ఎవరివో ఇన్‌వాయిస్‌లు తప్పిపోయాయి, లేదా రెండుసార్లు ఎక్కాయి. ఆ తేడా దొరికేదాకా పాత సిస్టమ్‌ను మూసేయకండి.