మా కొరకు ప్రార్థించమని పునీతులను ఎందుకు అడుగుతాం? అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని మొదలైంది. 1928లో నెల్లూరు కతోలిక మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడింది. అందుకే మన పల్లెల్లో బావ కతోలికుడు, బావమరిది బాప్టిస్టు కావడం మామూలే. పెళ్లి మాటల దగ్గరో, సమాధుల పండుగ నాడో ఎవరో ఒకరు అడుగుతారు: "యేసు ఉండగా అంతోనివారితో మీకేం పని?" పునీతులంటే పరలోకంలో ఉన్నారని శ్రీసభ (కతోలిక సంఘం) ప్రకటించిన భక్తులు; అంతోనివారు వారిలో ఒకరు. అడిగేవారికి సరైన జవాబు ఇవ్వాలి. మనవాళ్లు చేసే పొరపాట్లూ దాచకుండా చెప్పాలి. విశ్వాసం నేర్పే ఉపదేశులుగా మేం తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: కతోలికులు పునీతులను ఆరాధిస్తారు.

వాస్తవం: ఆరాధన దేవునికొక్కడికే. నమ్మకం కుదరకపోతే జూన్ 13న, అంతోనివారి పండుగ నాడు, పూజకు వచ్చి వినండి. గురువు చెప్పే ప్రారంభ ప్రార్థన తండ్రి దేవునికే. అందులో అంతోనివారి పేరు వస్తుంది, ప్రార్థన మాత్రం ఆయనకు కాదు. దివ్యబలిని (పూజను) ఏ పునీతునికీ అర్పించరు. పాస్కా (ఈస్టర్) జాగరణలో పునీతుల పేర్లు వరుసగా పాడేటప్పుడు గమనించండి: ప్రభువును దయచూపమంటాం, పునీతులను మా కొరకు ప్రార్థించమంటాం. మంగళవార్త జపంలో మరియమాతను అడిగేదీ అదొక్కటే. మొదటి సగం లూకా సువార్త 1వ అధ్యాయంలోని దేవదూత మాటలు, ఎలిశబెతమ్మ మాటలు.

అపోహ: "దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే" అని బైబిలు చెబుతోంది కదా!

వాస్తవం: చెబుతోంది, అది మా విశ్వాసం కూడా. అది 1 తిమోతి 2:5. అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కోసం విజ్ఞాపనలు చేయమని పౌలుగారు కోరారు. జ్వరం వస్తే బాప్టిస్టు సోదరుడు పాస్టరుగారిని "ప్రార్థన చేయండి అయ్యా" అని అడుగుతాడు. అలా అడిగినందువల్ల క్రీస్తు స్థానం పాస్టరుగారికి ఇచ్చినట్టు కాదు. పునీతులను అడగడమూ అంతే. వారి ప్రార్థనకు బలం క్రీస్తు నుంచే వస్తుంది.

అపోహ: చనిపోయినవారికి ఏం వినబడుతుంది? మృతులను సంప్రదించడం నిషిద్ధం కదా.

వాస్తవం: ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం నిషేధించింది సోదె చెప్పించుకోవడాన్ని, మృతుల ఆత్మలను రప్పించి రహస్యాలు అడగడాన్ని. అది మాకూ పాపమే. పునీతుల నుంచి మేం జోస్యం కోరం, ప్రార్థన కోరతాం. దేవుడు మృతులకు కాక సజీవులకు దేవుడని యేసే అన్నారు (మార్కు 12:27). ప్రకటన గ్రంథం, అంటే మన బైబిలులో దర్శన గ్రంథం, 5:8లో పరలోకంలోని పెద్దలు పరిశుద్ధుల ప్రార్థనలున్న బంగారు పాత్రలు పట్టుకుని ఉంటారు. వేలమంది మనవులు పునీతులకు తెలిసేది వారి సొంత శక్తితో కాదు, దేవుడు తెలియజేయడం వల్ల. ఇది మధ్యయుగాల్లో పుట్టిన ఆచారమనే మాటా సరికాదు. రోమ్‌లోని పునీత సెబాస్తియన్ భూగర్భ సమాధుల గోడ మీద "పౌలు, పేతురు, విక్టర్ కొరకు అడగండి" అని 3వ శతాబ్దపు భక్తులు గీసిన రాత ఉంది.

అపోహ: అంతోనివారికి మొక్కి తీర్చకపోతే కీడు జరుగుతుంది.

వాస్తవం: ఎక్కువ మందిని భయపెట్టే అపోహ ఇదే, ఇది బయటివారిది కాదు, మనవారిదే. 1983 శ్రీసభ చట్టం 1191వ నియమం ప్రకారం మొక్కు అంటే దేవునికి చేసే వాగ్దానం. అది తెలిసి, స్వేచ్ఛగా చేసినదై ఉండాలి, సాధ్యమైన మంచి పనై ఉండాలి. అన్యాయమైన తీవ్ర భయంతో చేసిన మొక్కు చెల్లదు. చేసినవారినే కట్టివేస్తుంది (1193), కనుక వేళాంకణిలో బిడ్డ తలనీలాలిస్తానని తల్లి మొక్కితే అది పెద్దయిన కొడుకు మెడకు చుట్టుకోదు. తీర్చే స్తోమత లేకపోతే అప్పు చేయకండి. న్యాయమైన కారణం ఉంటే విచారణ (పారిష్) గురువులు సొంత మొక్కును రద్దు చేయగలరు (1196). దాని స్థానంలో అంతకు సమానమైన, లేదా మెరుగైన మంచి పనిని మీరే ఎంచుకోవచ్చు (1197). పేదింటి పిల్లవాడి ఫీజు కట్టడం అలాంటిదే.

"ఈ ప్రార్థన తొమ్మిది కాపీలు తీసి పంచు, లేకుంటే నష్టం" అనే కాగితాలు, వాట్సాప్ సందేశాలు మూఢనమ్మకం. చించేయండి, ఎవరికీ పంపకండి. నవదిన ప్రార్థనల్లో ఒక రోజు తప్పితే మర్నాడు కొనసాగించండి. తొమ్మిది అంకెలో మహిమేమీ లేదు. ప్రభువు ఆరోహణం తర్వాత పెంతెకోస్తు వరకు శిష్యులు, మరియమాత కలిసి ప్రార్థించిన రోజులను అది గుర్తుచేస్తుంది. అంతోనివారి స్వరూపాన్ని తలకిందులుగా పెట్టి "పని చేసేవరకు ఇంతే" అనడం భక్తి కాదు, బెదిరింపు.

అపోహ: పునీతులే అద్భుతాలు చేస్తారు.

వాస్తవం: చేసేది దేవుడు. పునీత పట్టానికి పరిశీలించేది పునీతుని విన్నపం వల్ల దేవుడు చేసిన స్వస్థతను. ముందు వైద్యులు, తర్వాత వేదాంతులు చూస్తారు. సాధారణంగా పునీత పట్టానికి ముందు మెట్టైన ధన్యత ప్రకటనకు ఒక అద్భుతం, పునీత పట్టానికి మరొకటి కావాలి. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల ధన్యత ప్రకటనకు మాత్రం అద్భుతం అక్కర్లేదు. మదర్ తెరెసాగారి ధన్యత ప్రకటన 2003లో, పునీత పట్టం 2016లో జరిగాయి.

అపోహ: పునీతులకు నవదిన ప్రార్థనలు చేయకపోతే మంచి కతోలికులు కారు.

వాస్తవం: 1563లో ట్రెంట్ మహాసభ (కతోలిక బిషప్పుల సభ) పునీతుల సాయం కోరడం "మంచిది, ప్రయోజనకరం" అంది, అంతే. ఆదివారం పూజ మానేసి మంగళవారం అంతోనివారి ప్రార్థనలకు మాత్రం వచ్చేవారు ముందు ఆదివారం సంగతి చూసుకోవాలి.